మేకుకు తగిలించిన చేతులు

మే 4. బయటి నీరు కట్ట అంచుకు ఆరడుగుల కింద.

ఈ ఉదయం టీ గ్లాసులో వలయాలు మధ్యలో పుట్టలేదు. కొంచెం ఎడమగా పుట్టి, గ్లాసు అంచుకు తగిలి విరిగాయి. ఊళ్ళోకి చేరే సముద్రపు నీటిని తోడిపోసే పంపు సరిగ్గా తిరుగుతుంటే మా బడిలో ఏ గ్లాసులోనైనా వలయం నడిమధ్య నుంచే వస్తుంది. గ్లాసును బల్ల మీద అలాగే ఉంచి గడియారం చూశాను. ముప్పై ఎనిమిది నిమిషాలకు వలయం మధ్యలోకి వచ్చింది. అంటే పంపు పని నేర్చుకునే మా పదో తరగతి పిల్ల భూలక్ష్మి కిందికి దిగింది. టీ చల్లారిపోయింది.

పదకొండింటికి బందరు నుంచి సర్క్యులర్ వచ్చింది. జలయంత్ర కళాశాలలో ఈ ఏడు చేతి పరీక్ష ఉండదు. పరీక్షకులు చాలడం లేదు. జాడలో, అంటే పని తొడుగులు గుర్తుంచుకున్న లెక్కలో, తొమ్మిది వందల గంటల పని ఉన్న పిల్లలకే సీటు. ఆఖరు తేదీ మే 31.

మూడేళ్ళ క్రితం ఇదే కాలేజీ ఇంకో సర్క్యులర్ పంపింది. జాడ లేని పిల్లల్ని కూడా పిలుస్తామని, పంపు ముందు నిలబెట్టి వాళ్ళ చేతులు చూసి సీటిస్తామని అందులో ఉంది. ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఇప్పటికీ ఉంది. దాన్ని నమ్ముకునే నేను తొడుగులు వేసుకోమని భూలక్ష్మికి గట్టిగా చెప్పలేదు. మెల్లిగా చెప్పాను. నేను మెల్లిగా చెప్పినవి ఎవరికీ వినపడవు.

మే 5.

తూకం రోజు. పదో తరగతి అయిన పదకొండు మంది అమ్మాయిలు తమ తొడుగులు పట్టుకుని జాడల గది ముందు వరసగా నిలబడ్డారు. ఎనిమిదో తరగతిలో పని ఎంచుకున్న రోజున ఈ తొడుగులకు నేనే సీలు వేశాను. పీతల చెరువైనా, ఉప్పు వరి అయినా, పంపు అయినా, పని చేసేటప్పుడు చేతులకు ఇవి ఉంటే చేతులు ఏం చేశాయో ఇవి గుర్తుంచుకుంటాయి. ఈ రోజు ఆ సీలు కోసి, తూకం మెషీను పళ్ళెంలో పెట్టి, అంకె చదవాలి.

కమలకు 1,104. పీతల చెరువంతా తనే తవ్వినట్టు నడుచుకుంటూ వెళ్ళింది.

భూలక్ష్మికి 0. అంకె కింద ఒక వాక్యం వచ్చింది: తొడుగులో చేయి లేదు.

"మెషీను నిద్రపోతున్నట్టుంది టీచర్. ఓసారి తట్టండి," అంది భూలక్ష్మి.

తట్టాను. సున్నా.

"మూడేళ్ళలో ఒక్కరోజు కూడా వేసుకోలేదా?"

"రోజూ పనిలోనే ఉండేవండి." తొడుగు కొసను వేలితో సర్ది, "పంపు గది తలుపు పక్కన, మేకుకు," అంది.

వెనక వరసలో నవ్వారు. తనూ నవ్వింది. తర్వాత పళ్ళెం వంక చూసి నవ్వు ఆపేసింది.

చేతి పరీక్ష లేదన్న సంగతి అప్పుడు చెప్పాను. సీటు రాని వాళ్ళ పేర్లు జూన్ ఒకటిన వాటంతటవే పూడిక జట్టులోకి వెళ్ళిపోతాయని తనకు తెలుసు. పూడిక జట్టు కట్టకు బయట పని చేస్తుంది. బయట సముద్రం ఉంది.

"మా అమ్మకి ఇప్పుడే చెప్పకండి టీచర్," అంది.

మే 7.

బడి అయ్యాక మూడో నంబరు పంపు గదికి వెళ్ళాను. బడి గోడకు ఆనుకునే ఉంటుంది. నలభై మెట్లు దిగితే పంపు. పైన తలుపు దగ్గర స్టూలు మీద మరియాంబ మామ్మ. ముప్పై నాలుగేళ్ళుగా మా ఊరిని పొడిగా ఉంచుతున్న మనిషి. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు మెట్లు దిగడం కష్టం. ఆమె పైన కూర్చుని వింటుంది, భూలక్ష్మి కింద చేస్తుంది.

తలుపు పక్కన గోడకు రెండు మేకులు. చెప్పులు కింద విడవాలి, తొడుగులు మేకుకు తగిలించాలి. అది ఆ గది పద్ధతి. పంపు మీద ఉత్త అరచేయి పెట్టి నేర్చుకోవాలి. మొదటి మేకుకు భూలక్ష్మి తన తొడుగులు మళ్ళీ తగిలించేసింది. తూకం అయిపోయినా అలవాటు పోలేదు. రెండో మేకుకు ఒక పాత జత ఉంది. వేళ్ళ దగ్గర రంగు వెలిసింది.

"ఏమే జెసింతా, మొహం అట్టా పెట్టావేం? కూర్చో. టీ తాగు."

"భూలక్ష్మికి సున్నా వచ్చింది మామ్మా."

"ఎవరేశారు?"

"మెషీను."

"దాన్ని ఓసారి ఇట్టా తీసుకురా. కింద బేరింగు మీద చెయ్యి పెట్టి ఎంత వేడుందో చెప్పమను. అప్పుడు నేనూ దానికి మార్కులేస్తా."

"దానికి చెయ్యి లేదు మామ్మా."

"చేతుల్లేనోళ్ళు చేతులున్నోళ్ళకి సున్నాలేసేది ఏం చదువే?"

తొడుగులు వేసుకోనివ్వమని అడగడానికి ఈ మూడేళ్ళలో నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ టీ తాగి వెళ్ళిపోయాను.

"సీటు రాకపోతే?" అంది.

"పూడిక జట్టు."

మామ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆమె భర్త పూడిక జట్టులో ఉండేవాడు. ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

మే 9. బయటి నీరు నాలుగడుగుల కింద. పోటు.

సిస్టర్ ఫిలోమిన మా హెడ్మిస్ట్రెస్. నాకు చదవడం నేర్పింది ఆమే, పదో తరగతి కాగానే బడిలోనే పని ఇచ్చి ఉంచుకున్నదీ ఆమే. ఇప్పటినుంచైనా వేసుకోమను, ఉన్నన్ని గంటలు చూపించి కాలేజీని బతిమాలదాం అన్నారు. అంతకన్నా మంచి ఆలోచన నాకూ రాలేదు. పొద్దున భూలక్ష్మి తొడుగులతోనే మెట్లు దిగింది. మామ్మ గోడ వైపు తిరిగి కూర్చుందట.

పదింటికి గ్లాసులో వలయం విరిగింది. నలభై నిమిషాలు చూశాను. గంట చూశాను. పదకొండున్నరకు వలయమే లేకుండా పోయింది.

పంపు ఆగితే ఊరు ఎలా ఉంటుందో మర్చిపోయాను. కాకుల అరుపులు వినిపించాయి. ఎవరింట్లోనో పప్పు కుక్కరు కూత వినిపించింది. మధ్యాహ్నానికి బడి ఆవరణలోకి చీలమండల లోతు ఉప్పునీళ్ళు వచ్చాయి. ఆరో తరగతి వాళ్ళు కాగితప్పడవలు వదిలారు. వాటికి వాడింది లెక్కల పరీక్ష పేపర్లని సిస్టర్‌కు తర్వాత తెలిసింది.

మామ్మ నలభై మెట్లూ తనే దిగింది. పంపు తిరిగాక నలుగురు కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు.

"పల్లకీ ఎక్కాలని చిన్నప్పటి కోరిక," అంది ఆయాసపడుతూ. "మెల్లిగా మొయ్యండ్రా, పెళ్ళికూతురు జారిపోద్ది."

భూలక్ష్మి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బేరింగు వేడెక్కడం తెలీలేదు టీచర్. గుడ్డ లోపల్నించి అన్నీ ఒకేలా ఉన్నాయి. చల్లగా ఉందనుకున్నా."

తొడుగులు పళ్ళెంలో పెట్టి చూశాను. ఈ రోజు పని: మూడు గంటల పది నిమిషాలు, ఉత్తమం. పంపు ఆగిపోయిన గంటను కూడా మెషీను పనిగానే లెక్కేసింది.

రేపటి నుంచి మళ్ళీ మేకుకే.

మే 12.

జాడలన్నీ బందరు పంపడానికి సర్దుతుంటే ఒక విషయం కనిపించింది. ముందే చూసి ఉండాల్సింది.

కమల జాడ, 1,104 గంటలది, నలభై వేల వరసలు ఉంది. భూలక్ష్మి జాడ, సున్నా గంటలది, తొమ్మిది లక్షల వరసలు ఉంది. ఖాళీ పుస్తకానికి ఇన్ని పేజీలు ఉండవు.

తెరిచి చదివాను. మొదట ఏమీ అర్థం కాలేదు. ఒకే పొడవున్న గీత, పేజీల తరబడి. తర్వాత ఒక చోట గీత వణికింది, ఎగిరింది, విరిగింది. మళ్ళీ కొంతసేపటికి తిన్నగా అయింది. ఇంకో పది పేజీలు తిన్నగా. మళ్ళీ విరిగింది.

కదలిక ఉంటే ఈ తొడుగులు మేలుకుంటాయి, లేకపోతే పడుకుంటాయి. మిగతా పిల్లల తొడుగులు ఇంటికి వెళ్ళాక సంచిలో పడుకున్నాయి. భూలక్ష్మివి ఇంటికి వెళ్ళనే లేదు. పగలూ రాత్రీ వణికే గోడకు వేలాడుతూ మూడేళ్ళు ఒక్క క్షణం కూడా పడుకోలేదు.

వాటిలో భూలక్ష్మి చేతులు లేవు. పంపు ఉంది. పంపుకు ఎప్పుడు ఏం జబ్బు చేసిందో, ఎప్పుడు నయమైందో, అంతా ఉంది. నా టీ గ్లాసులో కనిపించేదే, కాకపోతే మూడేళ్ళది, ఒక్క రోజూ వదలకుండా.

సంతోషంతో లేచి నిలబడ్డాను. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ కూర్చున్నాను.

మే 15.

పంపుకు జబ్బు చేసిందని జాడ చెబుతుంది. ఎవరు నయం చేశారో చెప్పదు. ఆ మాట మొన్న పన్నెండునే మామ్మను అడిగాను.

"ఆ గోడ మీద ఉందిగా," అంది.

మామ్మకు రాయడం రాదు. పంపు చెడిన ప్రతిసారీ ఆ తారీకు నాడు క్యాలెండరు కాగితాన్ని గోడకు అంటించి, పక్కన సుద్దతో గుర్తు పెడుతుంది. తను బాగు చేస్తే నిలువు గీత. భూలక్ష్మి చేస్తే చేప, ఎందుకంటే వాళ్ళది చేపలవాళ్ళ ఇల్లు. క్రిస్మస్‌కు అందరి గోడలకూ సున్నం పడుతుంది, ఈ గోడకు పడనివ్వదు. ఇంకా వెనక్కి వెళ్తే, చేపలు మొదలుకాక ముందు, రెండేళ్ళు అన్నీ గీతలే. దానికీ వెనక మూడేళ్ళు చిన్న చిన్న చతురస్రాలు. నడుమ ఒక మడత గీత, తెరిచిన పుస్తకంలా.

నిచ్చెన వేసుకుని మూడు రోజులుగా ఎత్తి రాసుకుంటున్నాను. భూలక్ష్మి నిచ్చెన పట్టుకుంటోంది.

"ఈ చేప లావుగా ఉందేంటి మామ్మా?" అని అరిచింది ఇవాళ.

"ఆ రోజు జల్లెడకి పట్టిన నాచంతా ఒక్కదానివే లాగావు. అందుకు."

"మరి దీనికి తోక లేదే?"

"ఆ రోజు పని సగంలో వదిలేసి సినిమాకి పోయావు. తోక నేనేసుకున్నా."

రెండు వందల డెబ్భై ఏడు చేపలు. ఒక్కొక్కటీ జాడలో వెతికితే ఆ తారీకున గీత విరిగి ఉంది. చేప ఉన్న చోట సుమారు నలభై నిమిషాలకు తిన్నగా అయింది. మామ్మ గీత ఉన్న చోట మూడు గంటలు పట్టింది. నలభై మెట్లు, అరిగిన మోకాళ్ళు.

మే 18.

పన్నెండు పేజీల ఉత్తరం రాసి కాలేజీకి పంపాను. చదివిన సిస్టర్, "బాగా రాశావు. ఇప్పుడు ఫోన్ చెయ్యి," అన్నారు.

"ఉత్తరంలో అన్నీ ఉన్నాయి సిస్టర్."

"ఉత్తరం బల్ల మీద పడుకోగలదు జెసింతా. గొంతు పడుకోలేదు."

మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు పెట్టేశాను. నాలుగోసారి భూలక్ష్మి పక్కన కూర్చుంది. కాగితం మీద రాసుకున్నది చదివాను. అవతల ఖాదర్ వలీ గారు, ప్రవేశాల అధికారి. అంతా విని, "అమ్మా, మీరు చదువుతున్నారా, మాట్లాడుతున్నారా?" అన్నారు.

"చదువుతున్నానండి."

"సరే. కాగితం పక్కన పెట్టి ఒక్క మాట చెప్పండి. ఈ పిల్లకి పని వచ్చా?"

"వచ్చండి. పంపు పాడైతే నాకు టీ గ్లాసులో తెలుస్తుంది. ఆ పిల్లకు అంతకు ముందే తెలుస్తుంది."

అది కాగితంలో లేదు. ఎలా వచ్చిందో తెలియదు.

"ఇరవై నాలుగున లాంచీలో వస్తాను," అన్నారు.

మే 24. బయటి నీరు అయిదడుగుల కింద.

ఖాదర్ వలీ గారు పొట్టి మనిషి, నెరిసిన గడ్డం. పంపు గది తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే తన తొడుగులు కూడా తీశారు. గోడ వైపు చూశారు. మూడో మేకు లేదు. జేబులో పెట్టుకున్నారు. కుడి అరచేతిలో పాత కాలిన మచ్చ ఉంది.

మామ్మ ఆ మచ్చ చూసింది. "ఏ పంపు?" అంది.

"చినగొల్లపాలెం, రెండో నంబరు. పదిహేడేళ్ళప్పుడు."

"కూర్చో నాయనా. టీ తాగు."

భూలక్ష్మి మెట్ల దగ్గర సిద్ధంగా నిలబడింది. "దిగి చూపించనా సార్?"

"వద్దమ్మా. నేను చేతి పరీక్ష పెట్టడానికి వీల్లేదు. పెట్టకూడదన్న సర్క్యులర్ మీద సంతకం నాదే." అలా అని కొంచెం సిగ్గుపడ్డారు. "జాడ మాత్రమే చూడాలి."

నా కాగితాలు నేల మీద పరిచాను. జాడ గీతలు ఒక వైపు, గోడ మీది చేపలు ఒక వైపు.

"చేపలు నిన్న గీసినవి కావని ఎలా నమ్మేది?" అన్నారు. కోపంగా కాదు, అడగాల్సిన పనిగా.

"ఓరి నీ ఇల్లు బంగారంగాను," అంది మామ్మ. "ఈ వయసులో నేను నిచ్చెనెక్కి చేపలు గీస్తానా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బడి హాజరు పట్టీ తెచ్చాను. రోజూ పంపు గదికి వెళ్ళే వేళా, వచ్చే వేళా అందులో ఉంటాయి. భూలక్ష్మివి కూడితే పన్నెండు వందల అరవై గంటలు. తొమ్మిదో తరగతి ఆగస్టులో ఇరవై ఒక్క రోజులు పక్కన ఎర్రసిరా: కామెర్లు. ఆ ఇరవై ఒక్క రోజుల జాడ తీసి ఆయన ముందు పెట్టాను. గీత తొమ్మిదిసార్లు విరిగింది. తొమ్మిదిసార్లూ తిన్నగా అవడానికి మూడు గంటల పైనే పట్టింది. ఇరవై రెండో రోజు విరిగింది, ముప్పై ఆరు నిమిషాలకు తిన్నగా అయింది. ఆ రోజు హాజరు పట్టీలో టిక్కు ఉంది. గోడ మీద చేప ఉంది.

ఆయన ఆ పేజీ మీద గీత వెంట వేలు పోనిచ్చారు.

"చేయి కనిపించడం లేదు," అన్నారు. "చేయి లేని రోజులు కనిపిస్తున్నాయి."

తర్వాత, "ఈ పిల్ల రాక ముందు ఎలా ఉండేదో చూడగలమా?" అన్నారు.

రెండో మేకు నుంచి పాత జత తీసి ఇచ్చాను. ఎనిమిదేళ్ళ జాడ. చివరి మూడేళ్ళు భూలక్ష్మి జాడతో గీతకు గీత సరిపోయింది. దానికి ముందు రెండేళ్ళు, ప్రతి విరుపుకూ మూడు గంటలు. ఇంకా ముందు, మొదటి మూడేళ్ళు, నలభై అయిదు నిమిషాలు.

"మొదటి మూడేళ్ళు కూడా ఎవరో దిగారు," అన్నారు ఖాదర్ వలీ గారు.

"అవునండి."

"ఏ కాలేజీలో చేరారు?"

"చేరలేదండి. సున్నా వచ్చింది."

ఆయన ఇంకేదో అడగబోయారు. మామ్మ, "టీ చల్లారిపోతంది నాయనా," అంది.

మే 27.

కబురు లేదు. భూలక్ష్మి రోజూ వచ్చి జాడల గది గడప మీద కూర్చుంటోంది. పూడిక జట్టు బూట్ల కొలత అడుగుతూ పంచాయితీ నుంచి కాగితం వచ్చిందని చెప్పింది. నింపలేదట.

"నా పాదం ఎంతో నాకు తెలీదని రాయనా టీచర్?"

ఈ రోజు టీలో వలయాలు బాగున్నాయి.

మే 30.

సీటు వచ్చింది.

సిస్టర్ గంట కొట్టించారు, సెలవుల్లో బడిలో ఎవరూ లేకపోయినా. భూలక్ష్మి తల్లి పీతల చెరువు నుంచి మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులకూ బురద అంటింది. కడుక్కోవడం మర్చిపోయి ఇది రాస్తున్నాను. ఈ పేజీ మూల మీద మరక అదే.

సీటు కాగితంతో పాటు వచ్చే ఏడాది నియమాల చిత్తుప్రతి కూడా వచ్చింది. అందులో ఒక కొత్త వాక్యం ఉంది: పని స్వభావాన్ని బట్టి తొడుగులను చేతికి గాని, యంత్రానికి గాని, గోడకు గాని తగిలించవచ్చు, హాజరు పట్టీ జతచేయవలెను. భాష పొడిగా ఉంది. నాలుగుసార్లు చదివాను.

మామ్మకు చదివి వినిపించాను.

"గోడకి గాని," అంది. "ఇది తెలుసుకోడానికి ఇన్నేళ్ళు పట్టిందా వీళ్ళకి?"

జూన్ 3. బయటి నీరు ఆరడుగుల కింద.

పొద్దున లాంచీకి భూలక్ష్మి వెళ్ళింది. మామ్మ తన వినికిడి కర్ర ఇచ్చింది. ఒక కొస పంపుకు, ఒక కొస చెవికి పెట్టే కర్ర. భూలక్ష్మి వద్దంది. "నాకిక్కడ కూర్చున్నా వినపడుద్ది, తీసుకెళ్ళు. అక్కడి పంపులు ఎట్టా మాట్లాడతాయో సెలవులకొచ్చి చెప్పు," అంది మామ్మ. లాంచీ కదిలాక, "గొడుగు మర్చిపోయింది మొద్దు," అని చాలాసేపు తిట్టింది.

ఎనిమిదో తరగతికి పంపు ఎంచుకున్న కొత్త అమ్మాయి వచ్చే సోమవారం వస్తుంది. పేరు సుగుణ. ఖాళీ అయిన మొదటి మేకు ఆ పిల్లకు. మామ్మ మూడోది కూడా కొట్టించింది, వలీ గారు మళ్ళీ వస్తే పెట్టుకోడానికట. అప్పటిదాకా మెట్లు నేను దిగుతాను. ఇవాళ నలభై రెండు నిమిషాలు పట్టింది.

ఖాదర్ వలీ గారి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రెండు వాక్యాలే. రెండో మేకుకు ఉన్న జత తాలూకు మొదటి మూడేళ్ళ హాజరు పట్టీ కూడా దొరికితే పంపమన్నారు. కొత్త నియమం పాత పిల్లలకు కూడా వర్తిస్తుందట, ఆ జత ఎవరిదో పేరు రాయమన్నారు.

పట్టీ దొరికింది. సిస్టర్ ఫిలోమిన చేతిరాత. కవరులో పెట్టాను, ఇంకా అంటించలేదు.

ఆ జత నాది.